తెర ముందు కూర్చోవడమేనా, యంత్రం దగ్గరికి వెళ్లేదుందా?

ఫ్యాక్టరీల మెయింటెనెన్స్, యంత్రాల మానిటరింగ్ కొలువుల్లో ఉన్న, చేరాలనుకుంటున్న అమ్మాయిల ప్రశ్నలకే ఈ నెల శీర్షిక మొత్తం ఇచ్చేశాం. నర్సంపేట నుంచి మంచిర్యాల దాకా వచ్చిన ఉత్తరాల్లో ఒకేలాంటివి కలిపేశాం. పేర్లు వేయలేదు, అడిగినవాళ్లలో చాలామంది ఇంకా అదే షెడ్డులో పనిచేస్తున్నారు.

మా అమ్మాయి పది పాసైంది. మెషీన్ మానిటరింగ్ కోర్సని ఒక ప్రైవేటు సంస్థ మూడు నెలలకు ఎనభై వేలు అడుగుతోంది. చేర్పించమంటారా? – ఒక తండ్రి, నర్సంపేట

ఇప్పుడే వద్దు. బేరింగ్ ఎలా ఉంటుందో చూడని పిల్లకు బేరింగ్ చప్పుడు గ్రాఫు చూపిస్తే ఏం లాభం? ముందు ఒక ట్రేడు చేతికి రావాలి. ఐటిఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ నాలుగూ రెండేళ్ల ట్రేడులే. రామగుండం, చెల్పూరు వైపు కరెంటు కేంద్రాలు, ఎరువుల కర్మాగారం మీద కన్నుంటే ఎలక్ట్రీషియన్ గానీ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ గానీ తీసుకోమనండి. వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, గీసుకొండ–సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు చాలనుకుంటే ఫిట్టర్. రెండింటి మధ్య ఊగుతుంటే మా ఓటు ఎలక్ట్రీషియన్‌కే. మోటారు లేని మిల్లు లేదు.

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటిఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటిలో ప్రాసెస్ కంట్రోల్, ఆటోమేషన్ కోర్సు కూడా ఉంది. ఆ ఎనభై వేల కోర్సులో చెప్పేదానికి దగ్గరి సరుకు అక్కడ ప్రభుత్వ ఫీజుకే దొరుకుతుంది. ఐటిఐ చేస్తే చదువు ఆగిపోతుందన్న బెంగ వద్దు. రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కడి నుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు.

ప్రైవేటు ఐటిఐ అయితే ఎన్‌సీవీటీ (వృత్తి శిక్షణ జాతీయ మండలి) గుర్తింపు సంస్థకు ఉంటే చాలదు, మీ అమ్మాయి చేరే ట్రేడుకు ఉందో లేదో చూడండి. ఆఫీసులో కూర్చోబెట్టి బ్రోచరు చూపిస్తారు. మీరు లేచి వర్క్‌షాపులోకి నడవండి. లేత్ చక్కు మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ పాఠం బోర్డు మీదే జరుగుతోందని అర్థం. కోర్సయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలొద్దు. పెద్ద ప్లాంట్లలో వడపోత మొదలయ్యేది ఆ సర్టిఫికెట్ దగ్గరే.

డిప్లొమా అయ్యాక ఏడాదిగా ఒక ప్లాంటు కంట్రోల్ రూములో ఉన్నాను. ‘అమ్మాయివి కదా, ఇక్కడే కూర్చో’ అన్నారు. మోటార్లకు పెట్టిన వైబ్రేషన్ సెన్సార్ల అంకెలు చూస్తూ ఎరుపు వెలిగితే ఫోన్ చేయడమే నా పని. ఆ అంకెలకు అర్థమేంటంటే ‘నీకెందుకు’ అంటున్నారు. 4.2 అంటే మంచిదా, చెడ్డదా? – గోదావరిఖని

ఏ మోటారు, దేని మీద కూర్చుంది అన్నది తెలియకుండా 4.2ను మంచిదనీ చెడ్డదనీ అనలేం. మీ తెర మీది అంకె సెకనుకు మిల్లీమీటర్లలో, ఆర్ఎంఎస్ (ఊపులకు ఒక రకం సగటు) విలువే అనుకుందాం. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10816 మూడో భాగం, ఇప్పుడు 20816 కింద నడుస్తోంది, 15 నుంచి 300 కిలోవాట్ల యంత్రాలకు గీతలు గీసింది. గట్టి పునాది మీద ఉంటే 1.4 లోపు కొత్త యంత్రం లెక్క, 2.8 దాకా నిశ్చింతగా నడపొచ్చు, 4.5 దాకా రిపేరు తేదీ పెట్టుకుని నడపాలి, ఆపైన ఆపాలి. అదే యంత్రం ఊగే ఇనుప స్ట్రక్చర్ మీద ఉంటే ఆ గీతలు 2.3, 4.5, 7.1 దగ్గరికి జరుగుతాయి. కాబట్టి కాంక్రీటు దిమ్మె మీది పంపు మోటారు 4.2 చూపిస్తే షట్‌డౌన్ తేదీ అడగాల్సిందే. కన్వేయర్ గ్యాలరీ ఇనుప ఫ్లోరు మీది మోటారుకు అదే 4.2 ఇంకా ఓర్చుకోదగ్గదే. మీ సిస్టంలో అన్ని మోటార్లకూ ఒకే అలారం పెట్టి ఉంటే, చాలా చోట్ల అలాగే పెడతారు, మీరు చేయాల్సిన మొదటి పని అదే: మోటార్ల జాబితా రాసుకుని ఏది దిమ్మె మీద, ఏది స్ట్రక్చర్ మీద అని గుర్తు పెట్టండి.

అంకె కన్నా నడక ముఖ్యం. ఆరు నెలలుగా 3.0 దగ్గర కదలకుండా ఉన్న మోటారు కన్నా, మూడు వారాల్లో 1.0 నుంచి 2.2కు ఎక్కిన మోటారే ముందు చూడాల్సింది. రెండోది ఇంకా ఆకుపచ్చలోనే ఉంటుంది. తెర మిమ్మల్ని పిలవదు.

ఇక జబ్బు ఏదన్నది. మొత్తం అంకె జ్వరం ఎంతుందో చెబుతుంది, దేనివల్లో చెప్పదు. దానికి స్పెక్ట్రమ్, అంటే సెకనుకు ఎన్ని ఊపుల (హెర్ట్జ్) దగ్గర కంపనం ఎంతుందో విడదీసి చూపే గ్రాఫు తెరవాలి. 1460 ఆర్పీఎం మోటారును 60తో భాగిస్తే సెకనుకు 24.3 చుట్లు. స్పెక్ట్రమ్‌లో 24.3 హెర్ట్జ్ దగ్గర ఒకటే నిలువు గీత పెద్దదిగా ఉంటే ఫ్యాన్‌కో రోటర్‌కో బరువు ఒక పక్కకు ఉంది. బొగ్గుపొడి, ఊక రెక్కలకు ఒక వైపే అంటుకున్నా ఇదే కనిపిస్తుంది, బ్యాలెన్సింగ్‌కు పంపేముందు రెక్కలు కడిగి చూడండి. దానికి రెండింతల దగ్గర, అంటే 48.7 దగ్గర గీత లేచి, షాఫ్టు పొడవు దిశలో కొలిచిన రీడింగు కూడా పెరిగితే కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే కలిపిన రెండు షాఫ్టులూ ఒకే వరసలో లేవేమోనని అనుమానించాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదింతలు అంటూ వరసగా దువ్వెన పళ్లలా గీతలుంటే ఏదో వదులైంది, ఫౌండేషన్ బోల్టుతో మొదలుపెట్టండి.

బేరింగ్ జబ్బు మాత్రం ఈ వరసలో పడదు. దాని లెక్క గోళీలను బట్టి ఉంటుంది. 8 గోళీల బేరింగ్ అయితే బయటి రింగు దెబ్బ సుమారుగా 8 × 0.4 × 24.3, అంటే 78 హెర్ట్జ్ దగ్గర, లోపలి రింగు దెబ్బ 8 × 0.6 × 24.3, అంటే 117 దగ్గర కనిపిస్తుంది. ఇది గుడ్డిలెక్క. అసలు అంకె బేరింగ్ కంపెనీ పట్టికలో ఉంటుంది. ఉదాహరణకు 6205 నంబరు బేరింగ్‌కు బయటి రింగు గుణకం (సెకనుకు చుట్లతో గుణించాల్సిన అంకె) 3.585, లోపలి రింగుది 5.415, రెండూ కలిపితే 9, అందులో గోళీలూ తొమ్మిదే.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది 100 హెర్ట్జ్ దగ్గర. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు అయస్కాంత కంపనం ప్రతి మోటారులోనూ ఎంతోకొంత ఉంటుంది. రెండు పోళ్ల మోటారు 2975 మీద తిరిగితే దాని రెండింతలు 99.2. తక్కువ రిజల్యూషన్‌లో 99.2, 100 రెండూ ఒకటే గీతలా కనిపిస్తాయి, అలైన్‌మెంట్ బాగున్న కప్లింగ్‌ను విప్పి కూర్చుంటారు. తేల్చుకోవడం తేలికే: రీడింగు చూస్తుండగా స్విచ్ ఆపించండి. గీత టక్కున మాయమైతే కరెంటుది, వేగంతో పాటు మెల్లగా దిగితే కప్లింగ్‌ది.

అంకెను నమ్మేముందు సెన్సార్‌ను ఒకసారి వెళ్లి చూడండి. ఫ్యాన్ కవరు రేకు మీద, మోటారు రెక్కల మీద పెట్టినవి మనకు బోలెడు కనిపిస్తాయి. అక్కడ అది రేకు మోతను కొలుస్తుంది, బేరింగ్‌ను కాదు. బేరింగ్ హౌసింగ్ మీద, పెయింట్ గీకి, చదునైన చోట స్టడ్డుతో బిగించాలి. చేతి పరికరంతో తిరిగేటప్పుడు మాగ్నెట్ కింద దుమ్ము ఉన్నా, నిన్న పెట్టిన చోటికి రెండంగుళాల పక్కన పెట్టినా అంకె మారిపోతుంది. పంచ్‌తో చుక్క కొట్టి చుట్టూ పసుపు పెయింట్ వేసుకోండి. సున్నా చూపించే సెన్సార్ చాలా ప్రమాదం, అందరూ యంత్రం చల్లగా ఉందనుకుంటారు. మామూలు రెండు వైర్ల యాక్సిలరోమీటర్‌కు (కంపనం కొలిచే సెన్సార్) బయాస్ వోల్టేజి, అంటే సెన్సార్ బాగుంటే లైను మీద నిలకడగా ఉండేది, 10–12 వోల్టుల డీసీ దగ్గర ఉండాలి. సున్నాకు దగ్గరుంటే షార్టు, సప్లయ్ వోల్టేజి మొత్తం కనిపిస్తే వైరు తెగింది. ప్రెషరు, ఉష్ణోగ్రతల 4–20 మిల్లీ ఆంపియర్ లైన్లకైతే 12 అంటే సరిగ్గా సగం, 3.6 కన్నా కిందికి పోయిందంటే అది రీడింగు కాదు, లైన్‌లో లోపం.

‘ఇక్కడే కూర్చో’ అన్నమాటకు వద్దాం. ఏసీ గది, శుభ్రమైన బాత్రూము ఉన్న చోటు ఇచ్చారని ఇంట్లోవాళ్లు సంతోషపడి ఉంటారు. కానీ తెర మాత్రమే చూసినవాళ్లు ఐదేళ్ల తర్వాత కూడా తెర మాత్రమే చూస్తారు. ఆ పని నెమ్మదిగా సాఫ్ట్‌వేరుకు పోతోంది కూడా. రోజుకు ఒక గంట ఫీల్డు రౌండు రాతపూర్వకంగా అడగండి. ‘అలారం వచ్చిన యంత్రాన్ని కళ్లారా చూసి రిపోర్టు ఇవ్వడానికి’ అని కారణం రాయండి, కాదనడం కష్టం. ఫోన్ చేసి వదిలేయకుండా, ఆ మోటారు విప్పినప్పుడు లోపల ఏం కనిపించిందో తెలుసుకుని మీ రీడింగు పక్కన రాసుకోండి. అలాంటివి ఇరవై అయ్యాక ‘నీకెందుకు’ అన్నవాళ్లే వచ్చి ఏమనుకుంటున్నావని అడుగుతారు.

జిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ హెల్పర్‌ని. 15 కిలోవాట్ల మోటారుకు రోజూ నాలుగు స్ట్రోకులు గ్రీజు కొడుతున్నా మూడు నెలలకో బేరింగ్ పోతోంది. ఇంకా ఎక్కువ కొట్టమంటున్నారు. – జమ్మికుంట

ఎక్కువ కొట్టే బేరింగ్‌ను చంపుతున్నారు. గ్రీజు బేరింగ్‌కు అన్నం కాదు, రోజూ పెట్టడానికి.

ఆ సైజు మోటారులో సాధారణంగా 6309 నంబరు బేరింగ్ ఉంటుంది. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం 45 మి.మీ. బయటి వ్యాసం 100, వెడల్పు 25. ఒకసారికి ఎంత గ్రీజంటే వ్యాసం × వెడల్పు × 0.005: 100 × 25 × 0.005 = 12.5 గ్రాములు. మీ గ్రీజు గన్ను ఒక స్ట్రోకుకు ఎంత వదులుతుందో ఎవరికీ తెలిసి ఉండదు, గన్ను గన్నుకూ తేడా. పది స్ట్రోకులు కాగితం మీద కొట్టి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో తూయండి. 13 గ్రాములు వచ్చిందనుకుంటే స్ట్రోకుకు 1.3, మీకు కావాల్సింది తొమ్మిదో పదో స్ట్రోకులు. అదీ రోజూ కాదు, మోటారు ప్లేటు మీదో మాన్యువల్‌లోనో రాసిన గంటలకు ఒకసారి. అది వేల గంటల్లో ఉంటుంది. మీరిప్పుడు నెలకు 26 రోజులు పని లెక్కేసుకుంటే 135 గ్రాములు ఎక్కిస్తున్నారు. పదిసార్లకు సరిపోయేది! నిండిపోయిన గ్రీజును గోళీలు చిలుకుతాయి, చిలికితే వేడెక్కుతుంది, వేడికి నూనె విడిపోయి గ్రీజులోని సబ్బు గట్టిపడుతుంది. మిగతాది సీలు దాటి వైండింగ్ మీదికి పోయి పత్తి పీచును పట్టుకుంటుంది.

పద్ధతి ఇదీ. నిపుల్‌ను (గ్రీజు ఎక్కించే మొన) బట్టతో తుడవండి. తుడవకపోతే మొదటి స్ట్రోకు పీచునే లోపలికి నెడుతుంది. కింది డ్రెయిన్ ప్లగ్గు తీయండి. కొలిచిన గ్రీజు నెమ్మదిగా ఎక్కించండి. ప్లగ్గు తీసే ఉంచి అరగంట నుంచి గంట నడిపించి, మిగులు కారిపోయాక బిగించండి. వేసిన వెంటనే పదీ పదిహేను డిగ్రీలు పెరగడం మామూలే. షిఫ్టు అయిపోయినా దిగకపోతే ఎక్కువైంది. నిపుల్ గార్డు లోపల ఉంటే చేయి పెట్టకండి, బయటికి పైపు వేయించమనండి. పైపు కొత్తగా వేసినప్పుడు ముందు దాన్ని గ్రీజుతో నింపి తర్వాత బిగించాలి. లేకపోతే మీ పన్నెండున్నర గ్రాములూ పైపులోనే ఉండిపోతాయి, బేరింగ్ ఎండిపోతుంది.

గ్రీజు రకం కూడా అడగండి. లిథియం గ్రీజు ఉన్న బేరింగ్‌లో పాలీయూరియా కలిస్తే రెండూ నీరుగారి కారిపోవచ్చు. డబ్బా రంగు చూసి ఒకటే అనుకోవద్దు, రంగుకు అర్థం లేదు. బేరింగ్ నంబరు చివర జెడ్‌జెడ్ అనో 2ఆర్ఎస్ అనో ఉంటే అది మూత వేసిన బేరింగ్, దానికి గ్రీజు పెట్టే పనే లేదు. జిన్నింగ్ యంత్రాల షాఫ్టులను మోసే ప్లమ్మర్ బ్లాకుల (బేరింగ్ దిమ్మెల) సంగతి మాత్రం వేరు. దుమ్ములో తిరుగుతాయి కాబట్టి వాటికి కొంచెం కొంచెంగా, తరచుగా పెట్టడమే సరి. సీలు అంచున కొత్త గ్రీజు సన్నటి గీతలా కనిపిస్తే చాలు.

ఇంత చేసినా మూడు నెలలకే పోతుంటే తప్పు గ్రీజుది కాకపోవచ్చు. బేరింగ్‌ను సుత్తెతో ఎక్కిస్తున్నారేమో చూడండి. హీటర్ మీద 110 డిగ్రీలకు వేడి చేస్తే అదే షాఫ్టు మీదికి జారుతుంది, 120 దాటకూడదు. బెల్టు మరీ బిగుతుగా ఉందేమో చూడండి: రెండు పుల్లీల మధ్య మీటరు దూరముంటే నడుమ నొక్కినప్పుడు సుమారు 16 మి.మీ. దిగాలి. అన్నిటికన్నా ముందు మోటారు రెక్కల మధ్య, ఫ్యాన్ జాలీ మీద పేరుకున్న పత్తి పీచు. సీజన్‌లో, ఎనుమాముల మార్కెట్ నిండా పత్తి ఉన్న రోజుల్లో, షిఫ్టుకు ఒకసారి మోటారు ఆపి దులపాలి. గాలి ఆడకపోతే ఎంత మంచి గ్రీజైనా కరుగుతుంది.

నా బరువు 48 కిలోలు. ఫౌండేషన్ బోల్టులు విప్పలేనని ఇంటర్వ్యూలోనే నవ్వారు. – మంచిర్యాల

నవ్వినవాళ్లకు లెక్క రాదు. ఎం16 సైజు 8.8 గ్రేడు బోల్టుకు బిగింపు సుమారు 200 న్యూటన్ మీటర్లు. అర మీటరు పానాతో అయితే చివర 40 కిలోల బలం కావాలి, మీటరు పొడవుదానితో 20 చాలు. ఒకటికి ఐదు టార్క్ మల్టిప్లయర్ (తిప్పే బలాన్ని పెంచే గేరు పెట్టె) పెడితే చేతికి పడేది 40 న్యూటన్ మీటర్లే. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రోజు రాత్రే నూనె పోసి ఉంచండి. మరునాడు విప్పేముందు కాస్త బిగించే వైపు కదిపితే తుప్పు పగులుతుంది. పానాను నెట్టకండి, మీ వైపు లాగండి; జారితే వేళ్లు చితికేది నెట్టినప్పుడే. టార్క్ రెంచితో విప్పడం, దానికి పైపు తగిలించడం రెండూ తప్పే, క్యాలిబ్రేషన్ పోతుంది. ఇక పై ప్రశ్నలోని 15 కిలోవాట్ల మోటారు బరువే వంద కిలోలు దాటుతుంది. దాన్ని చేత్తో ఎత్తేవాడు మగాడైనా మెయింటెనెన్స్‌కు పనికిరాడు, చైన్ బ్లాకు ఉన్నదే అందుకు.

గాజులు, మెట్టెలు, పుస్తెలతాడుతో షెడ్డులోకి వెళ్లొచ్చా? తీయమంటే అత్తగారు ఒప్పుకోవడం లేదు. కంపెనీ గ్లౌజులు కూడా నా చేతికి పెద్దవవుతున్నాయి. – హనుమకొండ

గాజులు తీయాల్సిందే, ఇందులో రాజీ లేదు. లోహపు గాజు ప్యానెల్లో రెండు ఫేజుల మధ్య తగిలితే చెయ్యే పోతుంది. మట్టిగాజు పగిలి రబ్బరు గ్లౌజును లోపలి నుంచి కోస్తుంది, అది కంటికి కనబడదు. పుస్తెలకు ఒక సర్దుబాటు ఉంది. బంగారు గొలుసు ఇంట్లో పెట్టి, పుస్తెలను పొట్టి పసుపుతాడుకు కట్టి, మెడదాకా బొత్తాలు వేసిన ఓవరాల్ లోపలికి వేసుకుంటే తిరిగే యంత్రాల దగ్గర ఇబ్బంది ఉండదు. లైవ్ ప్యానెల్ తెరిచే పని ఉన్న రోజు మాత్రం అవి లాకర్లోనే ఉండాలి. మెట్టెల గురించి ఎవరూ చెప్పరు: ఉక్కు టోపీ ఉన్న సేఫ్టీ బూటులో ఎనిమిది గంటలు నిలబడితే వేలు ఉబ్బి మెట్టె కోసుకుపోతుంది. పనివేళల్లో తీసేయండి, లేదంటే ముందు భాగం వెడల్పున్న బూటు అడగండి. చున్నీ వద్దు. జడ వెనక వేలాడకూడదు, చుట్టి టోపీలోకి దోపాలి. లోపల నైలాన్, పాలిస్టర్ బట్టలొద్దు, ప్యానెల్లో ఆర్క్ లేస్తే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి.

గ్లౌజుల సైజు చిన్న విషయం కాదు. స్టోర్సువాళ్లు 9, 10 సైజులే తెప్పిస్తారు. మీకు 7 గానీ 8 గానీ పడుతుంది. పెద్ద గ్లౌజులో వేలి కొస మడతపడి స్క్రూ పట్టు తెలియదు, మీరు విసిగి తీసేస్తారు. ప్రమాదం అప్పుడే. ఇండెంటులో సైజు నంబరు రాయించండి. 415 వోల్టుల పనికి 1000 వోల్టుల దాకా పనికొచ్చే క్లాస్ 0 రబ్బరు గ్లౌజు, దాని మీద తోలు గ్లౌజు. వేసుకునే ప్రతిసారీ అంచు చుట్టి గాలి బంధించి చెంప దగ్గర పెట్టండి. సూదిమొన రంధ్రం ఉన్నా గాలి తగులుతుంది. డ్రిల్లు, లేత్ దగ్గర మాత్రం ఏ గ్లౌజూ వద్దు.

మోటారుకు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేశాను. తర్వాత మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ ట్రిప్పయి కాలిపోయింది. తప్పంతా నా మీద వేశారు. నేను చేసిన తప్పేమిటి? – భూపాలపల్లి

కేబుల్ డ్రైవ్ నుంచి విప్పకుండా మెగ్గర్ వేసి ఉంటారు. మెగ్గర్ వదిలే 500 వోల్టుల డీసీ డ్రైవ్ అవుట్‌పుట్‌లోని ట్రాన్సిస్టర్ల మీద పడింది. తప్పు మీదే, కానీ మీ ఒక్కరిదే కాదు. పర్మిట్ కాగితంలో ‘డ్రైవ్ వైపు యూ, వీ, డబ్ల్యూ వైర్లు విప్పామా’ అనే గడి లేకపోతే ఆ కాగితం తయారుచేసినవాళ్లదీ తప్పే. వివరణలో రెండూ రాయండి.

వరస ఇలా ఉండాలి. ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) ఆపి, మీ సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. సూపర్‌వైజర్ జేబులో కాదు. డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో 415 × 1.414, అంటే దాదాపు 587 వోల్టుల డీసీ నిల్వ ఉంటుంది. లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, డీసీ బస్ కొలిచి మరీ చేయి పెట్టాలి. మల్టీమీటరును ముందు కరెంటున్న చోట, తర్వాత మీ టెర్మినల్ దగ్గర, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మధ్యలో మీటరే పాడై సున్నా చూపిస్తే ఎలా తెలుస్తుంది మరి! మూడు వైర్లూ డ్రైవ్ నుంచి విప్పి దూరంగా పెట్టాకే మోటారు వైపు మెగ్గర్.

415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల రేంజి, ఒక నిమిషం. 40 డిగ్రీల లెక్కకు మార్చాక 5 మెగా ఓముల కన్నా తగ్గకూడదు. వైండింగ్ పది డిగ్రీలు వేడెక్కితే అంకె దాదాపు సగమవుతుంది, కాబట్టి ఇప్పుడే ఆపిన మోటారుకూ రాత్రంతా చల్లారినదానికీ పోలిక పెట్టొద్దు. వానాకాలంలో వారం ఆగి ఉన్న మోటారు 2 చూపిస్తే రివైండింగ్‌కు పంపకండి, టెర్మినల్ బాక్సు తెరిచి ఆరబెట్టి మళ్లీ కొలవండి. ఒక నిమిషం మెగ్గర్ వేస్తే నాలుగు నిమిషాలు ఎర్తుకు కలిపి ఉంచాలి, లేకపోతే వైండింగ్‌లో మిగిలింది మీకే తగులుతుంది.

రాత్రి షిఫ్టు, బొగ్గుబాయి లోపల పని ఆడవాళ్లకు చట్టం ఒప్పుకుంటుందా? – గోదావరిఖని, బెల్లంపల్లి

ఒప్పుకుంటుంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ మహిళలను భూగర్భంలోకి వెళ్లనివ్వలేదు. 2019 జనవరిలో కేంద్రం మినహాయింపు ఇచ్చి, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకా లోపలికి, రాతపూర్వక సమ్మతితో ఉపరితలం మీద రాత్రి షిఫ్టుకు దారి తెరిచింది. ఫ్యాక్టరీలకు 1948 చట్టం 22వ సెక్షన్ తిరుగుతున్న ట్రాన్స్‌మిషన్ యంత్రాలకు గ్రీజు పెట్టడం, సర్దడం మహిళలకు వద్దంది; 27వ సెక్షన్ పత్తి ఓపెనర్ నడిచే చోట ప్రెస్సింగ్‌కు పెట్టొద్దంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ అన్ని రకాల పనులకూ మహిళలు అర్హులే అంటుంది. ఉదయం 6కు ముందు, రాత్రి 7 తర్వాత పనికి మీ సమ్మతి, భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. సమ్మతి కాగితం మీద సంతకం పెట్టేముందు రవాణా ఇంటి గుమ్మం దాకానా, మెయిన్ రోడ్డు దాకానా అన్నది, టాయిలెట్ మీ పని చోటికి ఎంత దూరమన్నది అందులోనే రాయించండి. నోటిమాట షిఫ్టు ఇన్‌చార్జి మారగానే మారిపోతుంది. తిరిగే షాఫ్టు దగ్గర చేయి పెట్టకూడదన్నది మాత్రం ఏ చట్టం ఉన్నా లేకున్నా ఆడామగా అందరికీ ఒకటే.

మూడేళ్ల అనుభవం ఉంది. వైబ్రేషన్ ఎనలిస్టుగా పైకి వెళ్లాలంటే ఏం చేయాలి? – కాజీపేట

ఐఎస్ఓ 18436 రెండో భాగం కింద నాలుగు కేటగిరీల సర్టిఫికెట్లున్నాయి. మొదటిదానికి ఆరు నెలలు, రెండోదానికి పద్దెనిమిది నెలల పని అనుభవం అడుగుతారు. మూడేళ్ల అనుభవం ఉంది కాబట్టి నేరుగా రెండోది రాయొచ్చు, కానీ లాగరిథమ్, ఫేజు, ఫిల్టర్ల లెక్కల మీద పట్టు లేకపోతే మొదటిది రాసి వెళ్లడమే నయం. ఖర్చు కంపెనీని అడగండి, ఇవ్వకపోతే ఏడాది ఆగినా నష్టం లేదు. సర్టిఫికెట్ ఉండి విప్పిన బేరింగ్‌ను చదవలేనివాళ్లు చాలామంది ఉన్నారు. మీరు అందులో చేరకండి.

చదవడమంటే ఇది. తీసిన బేరింగ్‌ను తుక్కులో వేయనివ్వకుండా అడిగి తీసుకుని, కిరోసిన్‌తో కడిగి, బయటి రింగు కోయించి చూడండి. తిరగని బయటి రింగులో గోళీలు నడిచిన జాడ బరువు పడే వైపే, సన్నగా, మధ్యలో ఉంటే దాని ఆయుష్షు అది బతికింది. జాడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఏటవాలుగా పోతే హౌసింగో షాఫ్టో వంకరగా కూర్చుంది. గోళీల మధ్య దూరానికి సరిగ్గా సమానంగా గుంటలుంటే ఎక్కించేటప్పుడు సుత్తె దెబ్బ రింగుల గుండా పోయింది. రేకుల షెడ్డు పైకప్పులా వరసగా, దగ్గరదగ్గరగా అడ్డగీతలుంటే డ్రైవ్ నుంచి వచ్చిన కరెంటు షాఫ్టు గుండా బేరింగ్‌లోకి దిగుతోంది. అక్కడ కొత్త బేరింగ్ వేస్తే అదీ పోతుంది. ఎర్తింగ్ బ్రష్షో ఇన్సులేటెడ్ బేరింగో వేయించాలి. నీలం, గోధుమ రంగులు తేలితే గ్రీజు చాలలేదు లేదా మరీ ఎక్కువైంది.

ఒక్కొక్కదానికి నోటుబుక్కులో ఒక పేజీ: తేదీ, యంత్రం, చివరి మూడు రీడింగులు, స్పెక్ట్రమ్‌లో మీరు అనుకున్నది, విప్పాక కనిపించింది, ఫోటో. అనుకున్నది తప్పైన పేజీలను చింపకండి, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడాల్సినవి అవే. ఇంకొకటి, బేరింగ్ హౌసింగ్‌లో ఉండగానే పైభాగం ఎటుందో, మోటారు వైపు ముఖం ఏదో పెయింట్ పెన్నుతో గుర్తు పెట్టించండి. బయటికి లాగాక ఆ రెండూ చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.